తప్పు చోట కొలిచి కొన్నాను

షాకబ్జరు బరువు మోయదు. బరువు మోసేవి స్ప్రింగులు, కమాను కట్టలు. గుంటలో పడి నొక్కుకుపోయిన స్ప్రింగు తిరిగి లేచేటప్పుడు ఎగిరెగిరి పడకుండా పట్టి నిలపడమే షాకబ్జరు పని. నాన్న లారీలు తిప్పిన ఇంట్లో పుట్టి, విజయవాడ ఆటోనగర్‌లో కమాన్లు విప్పే షెడ్ల దగ్గర సెలవులన్నీ గడిపిన నాకు ఈ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. అయినా టెక్సాస్‌లో నా సొంత ట్రక్కుకు షాకబ్జర్లు మార్చాల్సి వచ్చినప్పుడు ఆ సంగతినే మరిచాను. మరిచానని అనడం కూడా సరికాదు. తెలిసినదాన్ని పక్కన పెట్టి, కోరుకున్నదాన్ని నమ్మాను. అందుకు కొంత డబ్బు పోయింది, కొంత మా నాన్న నడుముకు తగిలింది. డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చు. రెండోదాని గురించి మాత్రం రాయకుండా ఉండలేకపోతున్నాను.

నాది ఫోర్డ్ ఎఫ్-250 సూపర్ డ్యూటీ, 2012 మోడల్. 6.7 లీటర్ల పవర్ స్ట్రోక్ డీజిల్ ఇంజను. ముందర రెండు చక్రాలనూ కలిపే ఒకటే ఇరుసు, దాని మీద కాయిల్ స్ప్రింగులు. వెనక కమాను కట్టలు. ఇంజను ఒక్కటే వెయ్యి పౌండ్లకు అటూ ఇటూ తూగుతుంది. డాలస్‌కు ఉత్తరాన గ్రేసన్ కౌంటీలో కాస్త నేల కొన్నాం. చిన్న ట్రాక్టరును ట్రైలరు మీద ఎక్కించి తీసుకెళ్ళడానికి బలమైన బండి కావాల్సి వచ్చింది. బలమైన బండి చాలు, ఎత్తు బండి అక్కర్లేదు. కానీ అప్పటికే లిఫ్టు చేసి, 37 అంగుళాల టైర్లు వేసి ఉన్న దాన్ని చూడగానే మనసు పారేసుకున్నాను. మెట్టు పట్టుకుని ఎక్కాలి, పైన కూర్చుంటే ముందు కార్ల కప్పులు కనిపించాలి. చిన్నప్పుడు నాన్న పక్కన లారీ క్యాబిన్‌లో కూర్చుంటే రోడ్డు అలాగే కనిపించేది. ఆ ముచ్చట తప్పని ఇప్పటికీ అనుకోను.

షాకబ్జర్లు మార్చాలనుకోవడం కూడా సరైనదే. పాతవి నిజంగానే అయిపోయాయి. షాకబ్జరు మీద పల్చటి నూనె తడి ఉంటే అది మామూలే, కడ్డీ లోపలికీ బయటికీ ఆడుతూ సీలు దగ్గర కాస్త తడి వదులుతుంది. నా బండికి ముందర ఎడమవైపుది ధారగా కారి, కింది బోల్టు దాకా మట్టి పేరుకుని ఉంది. టైర్ల అంచు మీద చెయ్యి రాస్తే ఎత్తుపల్లాలు తెలుస్తున్నాయి. చక్రం నేలకు అంటుకుని దొర్లకుండా చిన్నచిన్నగా గెంతుతూ పోతేనే టైరు అలా అరుగుతుంది. కారు బంపరును నొక్కి వదిలి ఎన్నిసార్లు ఊగుతుందో చూసే పాత పరీక్ష ఇంత బరువు బండి దగ్గర పనికిరాదు. మనిషి బలానికి దాని స్ప్రింగు కదిలితే కదా.

తప్పు ఆ తర్వాతి మెట్టులో చేశాను.

లిఫ్టు చేసిన బండికి షాకబ్జరు అమ్మేవాళ్ళు మొదట అడిగేది ఒక్కటే, ఎన్ని అంగుళాలు లేపారని. పెట్టెల మీద కూడా అలాగే ఉంటుంది: 0 నుంచి 2.5 అంగుళాల దాకా ఒకటి, 4 దాకా ఒకటి, 6 దాకా ఇంకొకటి. నాకు బండి అమ్మినతను 4 అంగుళాలనే చెప్పాడు. నాకు నమ్మకం కుదరలేదు. టేపు తీసుకుని చక్రం పైనుండే మడ్‌గార్డు అంచు నుంచి నేల దాకా కొలిచాను. అదే మోడల్ మామూలు బండిని ఒక పార్కింగులో చూసి దాన్నీ కొలిచాను. తేడా సరిగ్గా 6 అంగుళాలు వచ్చింది. అతనికే తెలియదనుకుని 6 అంగుళాల లిఫ్టుకు సరిపోయే షాకబ్జర్లు నాలుగూ తెప్పించాను.

అతనికి తెలుసు. తెలియనిది నాకు. కంపెనీ టైరు నిలువు 33 అంగుళాలు, నా టైరుది 37. ఆ నాలుగంగుళాల్లో సగం, అంటే రెండంగుళాలు, ఇరుసు కిందే ఉన్నాయి. పెద్ద టైరు ఇరుసునూ బండినీ కలిపి పైకి లేపుతుంది, ఇరుసుకూ చట్రానికీ మధ్య దూరాన్ని వెంట్రుకవాసి కూడా మార్చదు. షాకబ్జరు బతుకంతా ఆ రెండింటి మధ్యే. దానికి కావాల్సిన కొలత ఇరుసు నుంచి పైకి చూసుకోవాలి, నేల నుంచి కాదు. స్ప్రింగులు లేపింది నాలుగే అయితే, నేను ఆరుకు కొన్నాను. టేపు పట్టుకున్నవాణ్ణి, పట్టుకోవాల్సిన చోటు ఆలోచించకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అసలు కొలవనివాడికి సందేహమైనా మిగులుతుంది. తప్పు చోట కొలిచిన నాకు ఆ సందేహం కూడా లేకుండా పోయింది.

రెండంగుళాలు ఎక్కువుంటే ఏమవుతుంది, పొడవు ఉండటం మంచిదే కదా అని అప్పట్లో నేనూ అనుకున్నాను. కాదు. ఎందుకో చెప్పాలంటే షాకబ్జరు లోపలికి వెళ్ళాలి. గొట్టం నిండా నూనె, అందులో కడ్డీ చివరన ఒక పిస్టను. పిస్టనుకు సన్నని దారులు, వాటిని మూసే పల్చటి ఉక్కు బిళ్ళల దొంతర. చక్రం కదిలితే పిస్టను కదులుతుంది, నూనె ఆ బిళ్ళలను వంచుకుంటూ దారి చేసుకుని అటు నుంచి ఇటు పోతుంది, అలా పోవడానికి పడ్డ శ్రమ వేడిగా మారి గొట్టం గోడల నుంచి గాలిలో కలుస్తుంది. ఒంటి గొట్టం రకంలో, అదే మోనోట్యూబ్‌లో, ఇంకో తేలే పిస్టను కూడా ఉంటుంది. దానికి ఒక పక్క నూనె, మరో పక్క గట్టిగా నింపిన నైట్రోజన్. ఇవన్నీ గొట్టంలో చోటు తింటాయి. అందుకని కడ్డీ పూర్తిగా లోపలికి పోయాక కూడా కొంత పొడవు మిగిలే తీరుతుంది. ఎక్కువ సాగే షాకబ్జరు కావాలంటే కడ్డీ పొడవు కావాలి, ఆ కడ్డీ దూరడానికి గొట్టమూ పొడవు కావాలి. అంటే సాగినప్పుడు పొడవైనది నొక్కుకుపోయినప్పుడూ పొడవే.

నా ముందరి షాకబ్జరు ఇంకా ముప్పావు అంగుళం కుంచించుకుంటే ఇరుసు బంప్ స్టాప్ రబ్బరు మీద పూర్తిగా కూర్చునేది. ఆ ముప్పావు అంగుళం దానిలో లేదు. బండి బరువును ఆపాల్సింది ఆ రబ్బరు. దాని బదులు షాకబ్జరు కడ్డీ చివర, లోపలి పిస్టను ఆపుతున్నాయి. ఇనుము మీద ఇనుము.

ఇది కాగితం మీద తెలియలేదు, రైలు పట్టాలు దాటేటప్పుడు తెలిసింది. పొలం దారిలో పట్టాల దగ్గర రోడ్డు ఉబ్బి దిగుతుంది. నాన్న అప్పుడు మా దగ్గరే ఉన్నారు, డెబ్భై దాటిన మనిషి, పక్క సీట్లో కూర్చున్నారు. కొత్త షాకబ్జర్లు బిగించి ఎంతో కాలం కాలేదు. వాటి పనితనం ఆయనకు చూపించాలని నేను వేగం తగ్గించలేదు. పట్టాలు దిగగానే కింద సుత్తితో కొట్టినట్టు చప్పుడైంది. నాన్న సీటు మీద నుంచి లేచి పడ్డారు. నొప్పి అనలేదు. పై హ్యాండిల్ పట్టుకున్న చెయ్యి మాత్రం ఇంటికొచ్చేదాకా వదల్లేదు. మర్నాడు పొద్దున మంచం దిగలేకపోయారు. నడుం పట్టేసింది.

నేను చేయాల్సింది బండి కిందికి దూరి చూడటం. చేసింది ఇంకో జత వెతకడం. చప్పుడొచ్చిందంటే షాకబ్జరు మెత్తగా ఉండి అడుక్కి కొట్టుకుంటోందని తేల్చుకున్నాను. సగం నిజమే, అడుక్కే కొట్టుకుంటోంది. కారణం మెత్తదనం అనుకోవడం దగ్గర పొరబడ్డాను. గట్టి వాల్వింగు, అంటే నూనెకు ఎక్కువ అడ్డుపడే బిళ్ళలు, ఉన్న జత కొన్నాను, అదే ఆరంగుళాల పొడవులో. ఏ కొలతైతే తప్పో దాన్ని అలాగే ఉంచి, తక్కినదంతా మార్చాను.

గట్టిదనం గురించి కూడా నాకున్నది పైపై జ్ఞానమే. షాకబ్జరుకు వేగమంటే బండి వేగం కాదు, కడ్డీ కదిలే వేగం. మలుపులో బండి పక్కకు ఒరిగేటప్పుడు, బ్రేకు వేస్తే ముక్కు వంచేటప్పుడు కడ్డీ నెమ్మదిగా కదులుతుంది. గుంట అంచు తగిలినప్పుడు మెరుపులా కదులుతుంది. కొన్ని షాకబ్జర్లు నెమ్మది కదలికకు గట్టిగా అడ్డుపడి, వేగం పెరిగేకొద్దీ అడ్డు పెంచడం తగ్గించుకుంటాయి. బిల్‌స్టీన్ 5100 ఆ తీరుది, ఎత్తు బండి మలుపులో నిబ్బరంగా ఉంటుంది. కొన్ని మొదట మెత్తగా ఉండి, దెబ్బ పెద్దదయ్యేకొద్దీ బిగుసుకుంటాయి, రాళ్ళ దారులకు, ఇసుకకు అవి నయం. రాంచో 9000 లాంటి వాటికి తొమ్మిది మెట్ల మర ఉంటుంది, ఖాళీగా ఉన్నప్పుడు ఒక మెట్టు, ట్రైలరు తగిలించినప్పుడు ఇంకో మెట్టు పెట్టుకోవచ్చు. ఇందులో ఏదీ మంచిదీ కాదు చెడ్డదీ కాదు, బండి చేసే పనిని బట్టి ఎంచుకోవాలి. నేను మాత్రం అన్నిటికన్నా గట్టిది ఏదని అడిగి తెచ్చాను. డాలస్ నార్త్ టోల్‌వే అంతా కాంక్రీటు, పలకకూ పలకకూ మధ్య అతుకు. కొత్త జతతో ప్రతి అతుకూ వెన్నులో తెలిసేది. పట్టాల దగ్గర చప్పుడు మాత్రం పోలేదు.

నాన్న కాస్త కోలుకుని, గ్యారేజీలో కుర్చీ వేసుకుని కూర్చుని నేను చేసేది చూస్తున్నారు. ఆ రోజు ఆయన అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తాను.

"ఒరే నాన్నా, ఈ బండి ఎంత బరువు మొయ్యడానికి చేశార్రా?"

"వెనక మూడువేల పౌండ్లు దాకా వెయ్యొచ్చు నాన్నా."

"ఇప్పుడెంతుంది వెనక?"

"ఏమీ లేదు."

"మరి ఖాళీ బండికి అంత కమాను కట్ట వేసుకుని, ఎగురుతోందని షాకబ్జర్లను తిడతావేంరా? ఖాళీ లారీలో డ్రైవరు పడుకోగలడా ఎప్పుడైనా? లోడెక్కితేనే కదా కమాను వంగేది. ముందు బరువు తూయించు, చక్రాల్లో గాలి చూడు. ఒక పది మైళ్ళు తిప్పుకొచ్చి షాకబ్జర్ల మీద చెయ్యి పెట్టి చూడు. పనిచేసేది వెచ్చబడుతుంది, పనిచెయ్యంది చల్లగా ఉంటుంది."

నేనన్నాను: "నాన్నా, ఇది మీ లేలాండ్ లారీ కాదు."

ఆయన ఇంకేమీ అనలేదు. ముప్పై ఏళ్ళకు పైగా బరువు బళ్ళతో బతికిన మనిషి, నా బండి వల్ల నడుం పట్టేసి కూర్చుని ఉన్న మనిషి, అడగాల్సిన ప్రశ్నలను వరస తప్పకుండా అడిగారు. నేను ఆయన నోరు మూయించాను. ఈ వ్యవహారం మొత్తంలో నన్ను సిగ్గుపడేలా చేసేది షాకబ్జరు పొడవు కాదు, ఆ ఒక్క వాక్యం.

ఆయన మాట ఎంత సరైనదో కమాను కట్టనే చూస్తే తెలుస్తుంది. కమాను పలకలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ కదులుతాయి, ఆ రాపిడే ఊపును కొంత చంపుతుంది. పలకలు ఎక్కువున్న బరువు బండి తన ఊపును తనే కొంత ఆపుకోగలిగేది అందుకే. కాయిల్ స్ప్రింగులో ఆ రాపిడి లేదు. ముందర అంతా షాకబ్జరు మీదే పడుతుంది. ముందర ఒక అవసరం, వెనక ఒక అవసరం. ముందూ వెనకా ఒకే గట్టిదనం ఉన్న జత కొనడంలోనే నా బండిని నేను చూడలేదని తేలిపోతుంది.

నాన్న తిరిగి విజయవాడ వెళ్ళిపోయాక బండిని తూయించాను. ఆయనుండగా చేయలేదు. హైవే పక్క లారీలు ఆగే చోట క్యాట్ స్కేలు ఉంటుంది, ముందు ఇరుసు ఒక పలక మీద, వెనక ఇరుసు ఇంకో పలక మీద పెడితే బరువులు విడివిడిగా రాసిన కాగితం ఇస్తారు. ముందు దాదాపు 4,800 పౌండ్లు, వెనక 3,100. ఆ కాగితం చేతిలో పట్టుకుని టైర్ల గాలి చూసుకున్నాను. టైరు పక్కన రాసి ఉన్న గరిష్ఠ పీడనం 65 పీఎస్ఐ. నేను నాలుగు టైర్లలోనూ ఎప్పుడూ అంతే కొట్టిస్తూ వచ్చాను, అదే సరైన గాలి అనుకుని. అది టైరు మోయగలిగిన అత్యధిక బరువుకు కావాల్సిన గాలి. వెనక ఒక్కో టైరు మీద పడుతున్నది 1,550 పౌండ్లు, దాని శక్తిలో సగం కూడా లేదు. టైరు తయారీదారు ఇచ్చే పట్టిక చూసి ఇరుసు బరువుకు తగినంతకు తగ్గించాను, ట్రైలరు తగిలించే రోజు మళ్ళీ పెంచుతాను. టోల్‌వే అతుకుల్లో నేను రెండు జతల షాకబ్జర్లతో తీసుకురాలేనంత తేడా ఆ ఒక్క పనితో వచ్చింది. దానికి ఖర్చు లేదు.

ఇలాంటి తప్పే స్టీరింగు దగ్గరా చేశాను, ఆ సంగతి క్లుప్తంగా చెప్తాను. ఒకే ఇరుసున్న ఎత్తు బళ్ళలో ఒక వేగం దగ్గర గుంట తగిలితే ముందు చక్రాలు అటూ ఇటూ భయంకరంగా ఊగడం మొదలవుతుంది, బండి ఆపితే కానీ ఆగదు. డెత్ వాబుల్ అంటారు. నాకు దాని చిన్న తమ్ముడు లాంటి వణుకు వచ్చింది. స్టీరింగుకు అడ్డంగా ఉండే డాంపరు ఒకటి చాలదేమోనని రెండున్న కిట్టు వేశాను. వణుకు తగ్గింది. అలైన్‌మెంటు చేసే మెకానిక్ ఆ రెండింటినీ విప్పించి, ఇంజను ఆన్‌లో పెట్టి నన్ను స్టీరింగు అటూ ఇటూ తిప్పమని కింద నుంచి చూశాడు. ఇరుసు పక్కకు జరగకుండా పట్టే ట్రాక్ బార్ బుష్షు అరిగి ఆడుతోంది. డాంపర్లు ఆ జబ్బును దాచిపెట్టాయి. అది ఎన్నాళ్ళు దాక్కునేదో, ట్రైలరు వెనక ఉండగా బయటపడితే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ తర్వాతే బండి కిందికి దూరి కొలిచాను. లిఫ్టు చేసిన బండి ఉన్నవాళ్ళకు పనికొస్తుందని ఆ కొలతలు రాస్తున్నాను, ఎవరి బండి కొలతలు వాళ్ళవే.

చదునైన నేల మీద బండి తన బరువుతో నిలబడి ఉండగా ముందరి షాకబ్జరు పై బిగింపు నుంచి కింది బిగింపు దాకా 21.5 అంగుళాలు. ఇరుసుకూ బంప్ స్టాప్ రబ్బరుకూ మధ్య ఖాళీ 4.5. రబ్బరు గట్టి దెబ్బకు ఇంకో అంగుళం నలుగుతుంది. 21.5 లోంచి ఆ 5.5 తీసేస్తే 16. ఇంకో అర అంగుళం వదిలిపెట్టాలి. కాబట్టి నొక్కుకుపోయినప్పుడు నా షాకబ్జరు 15.5 అంగుళాలకు మించకూడదు. నేను వేసుకున్నవి 16.75. తర్వాత చట్రం కింద స్టాండ్లు పెట్టి, ఇరుసు కింద జాక్ నెమ్మదిగా దించి, ఇరుసును వేలాడనిచ్చాను. బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ తీగలు లాగబడకుండా చూసుకుంటూ దించాలి. వేలాడినప్పుడు 25.5. సాగినప్పటి పొడవు దానికన్నా కాస్త ఎక్కువుండాలి, లేకపోతే వేలాడే ఇరుసు బరువంతా షాకబ్జరు బిగింపు మీద పడి అది తెగుతుంది. 25.75 ఉంటే చాలు. నేను 28 వేసి ఉంచాను, ఎప్పటికీ వాడని పొడవు కోసం అవసరమైన పొడవు పోగొట్టుకుని.

వెనక లెక్క వేరు. వెనక షాకబ్జర్లు నిటారుగా ఉండవు, ఏటవాలుగా ఉంటాయి. నిలువుకు 30 డిగ్రీలు వాలి ఉన్నది ఇరుసు నాలుగంగుళాలు కదిలితే మూడున్నరే కదులుతుంది. దాని పట్టు అంతకన్నా తగ్గుతుంది, నిటారుగా ఉన్నదాని పట్టులో నాలుగింట మూడు వంతులే చక్రానికి అందుతుంది. పొడవును లిఫ్టు అంగుళాలతో నేరుగా కూడేసి కొంటే వెనక తప్పకుండా పొరబాటు జరుగుతుంది. ఇంకోటి కూడా ఉంది. ట్రైలరు తగిలించి, దాని బరువు బండి మీద పడ్డాక కొలిస్తేనే వెనకవైపు అసలు ఎత్తు తెలుస్తుంది. నా పని బరువు లాగడం. నేను ఖాళీ బండిని కొలిచి ఊరుకుని ఉంటే మళ్ళీ మొదటికొచ్చేవాణ్ణి.

పొడవు తేలాక రకం ఎంచుకోవడానికి పెద్ద సమయం పట్టలేదు. రెండు గొట్టాల రకంలో లోపలి గొట్టం చుట్టూ ఇంకో గొట్టం ఉంటుంది, నూనె రెండింటి మధ్యా తిరుగుతుంది. అది చవక, బయటి గొట్టానికి రాయి తగిలి సొట్ట పడినా పని ఆగదు, నొక్కుకుపోయినప్పటి పొడవు కూడా తక్కువ. కానీ రాళ్ళ దారిలో ఆగకుండా పోతే లోపలి నూనె ఊపిన సోడా సీసాలా నురగ కట్టి పట్టు పోతుంది. నైట్రోజన్‌ను తేలే పిస్టనుతో వేరు చేసి నూనెను ఎప్పుడూ ఒత్తిడిలో ఉంచే పద్ధతి ఫ్రెంచి ఇంజనీరు క్రిస్టియాన్ బూర్సియే ద కార్బోన్‌ది. దాన్ని బిల్‌స్టీన్ 1957లో మెర్సిడెస్-బెంజ్ కార్లకు పెద్ద ఎత్తున అందించడం మొదలుపెట్టింది. ఒంటి గొట్టం కాబట్టి వేడి నేరుగా బయటి గాలికి పోతుంది. సొట్ట పడితే మాత్రం పిస్టను ఇరుక్కుంటుంది. ఆ తేలే పిస్టనును తీసి పక్కన వేరే డబ్బాలో పెట్టిన రకానికి నూనె ఎక్కువ పడుతుంది, గొట్టంలో కడ్డీకి చోటూ ఎక్కువ మిగులుతుంది, ధర అలాగే పెరుగుతుంది. నా టైరు చక్రంతో కలిపి వంద పౌండ్లు దాటుతుంది, స్ప్రింగు కింద గెంతే ఆ బరువును పట్టి ఆపాలి. ముందరకు మామూలు ఒంటి గొట్టం రకం, సరైన పొడవులో. వెనకకు మెట్లు మార్చుకునే రకం, ట్రైలరు రోజుకు ఒక మెట్టు, ఖాళీ రోజుకు ఒక మెట్టు. పక్క డబ్బాలున్న ఖరీదైనవి కొనలేదు. నేను ఎడారిలో పరుగు పందేలకు పోవడం లేదు.

అప్పుడే ఇంకో భ్రమ కూడా వదిలింది. కొత్త గ్యాసు షాకబ్జరు పట్టీ కోయగానే తనంతట తానే సాగుతుంది కదా, అది చూసి ముందర వాలిన బండి వాటితో కాస్త లేస్తుందని ఆశపడేవాణ్ణి. ఆ కడ్డీని తోసే నైట్రోజన్ బలం 50 నుంచి 70 పౌండ్లు. దాదాపు ఎనిమిది వేల పౌండ్ల బండి. వాలిన ముక్కును లేపాలంటే స్ప్రింగులే మార్చాలి.

బిగించేటప్పుడు బండిని చక్రాల మీద నిలబెట్టాకే కింది బోల్టులు పూర్తిగా బిగించాను. వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్షు మెలిపడి ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. ఆ తర్వాత ట్రాక్టరు ఎక్కించుకుని పొలానికి వెళ్ళి దిగాను. ఒక్కో షాకబ్జరు మీద చెయ్యి పెట్టి చూశాను. నాలుగూ వెచ్చగా ఉన్నాయి. అక్కడి నుంచే నాన్నకు ఫోను చేసి బరువు కాగితం మీద ఉన్న అంకెలు, గాలి ఎంత తగ్గించానో, కొలతలు అన్నీ చదివి వినిపించాను. తప్పయిందని చెప్పాను. ఆయన దాని గురించి ఏమీ అనకుండా, వెనక యు బోల్టులు మళ్ళీ బిగించావా అని అడిగారు. కమానును ఇరుసుకు బిగించే ఆ బోల్టులు, మధ్యలో లిఫ్టు దిమ్మలున్న బండికి వదులవుతాయట. బిగించలేదు. ఆ సాయంత్రం బిగించాను, రెండు నిజంగానే వదులయ్యాయి.

ఖాళీగా ఉన్నప్పుడు బండి వెనక ఇప్పటికీ గట్టిగానే ఉంటుంది. ఉండాలి కూడా. ఆ కమాను మూడువేల పౌండ్ల కోసం కట్టింది.

ఈ మధ్య మా వీధిలో ఒక తెలుగు కుర్రాడు లిఫ్టు చేసిన రామ్ 2500 కొన్నాడు. "అన్నా, మీరు ఏ షాకబ్జర్లు వేశారు? నేనూ అవే ఆర్డరు పెట్టేస్తా" అన్నాడు. నేను పేరు చెప్పలేదు. టేపు, జాక్, స్టాండ్లు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. 2014 నుంచి ఆ బండికి వెనక కూడా కమాన్లు లేవు, కాయిల్ స్ప్రింగులే. నా వెనకవైపు లెక్క ఒక్కటీ అక్కడ పనికిరాదు. అమ్మినవాళ్ళు చెప్పింది 5 అంగుళాలు. ఇరుసు నుంచి కొలిస్తే ముందర మూడున్నరే తేలింది. బంప్ స్టాప్ కిందికి దించే దిమ్మ ఒకవైపు ఉంది, రెండో వైపు లేదు. ఆ దిమ్మ తెప్పించి వేశాక మళ్ళీ కొలుద్దామని అనుకున్నాం. అతను ఇంకా ఏమీ ఆర్డరు పెట్టలేదు.